మామ గురుతులు పెట్టెలోకి ఎక్కించింది నేనే

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. నేను చేసిన పనికి ఇంకొకాయన నింద మోస్తున్నాడు. పదేళ్ళు దాటింది. ఆయన ఎదురొస్తే సందు మారిపోతాను. నాకు అన్నం సయిస్తూనే ఉంది, నిద్రా పడుతోంది. నా మీద నాకు అసహ్యం వేసేది అందుకే.

మాది గోదావరి సముద్రంలో కలిసే చోటుకి దగ్గర ఊరు. మా నాన్న తుపానులో పోతే మేనమామే నన్ను పదో తరగతి దాకా చదివించి, తర్వాత తన నావలో పనికి పెట్టుకున్నాడు. సముద్రం అడుగున ఎక్కడెక్కడ రాళ్ళున్నాయో మామకి తెలుసు. మనం చూస్తే అంతా నీళ్ళే. ఆయన ఒడ్డు వైపు తిరిగి, లైట్‌హౌసు సరుగుడు తోట చివరకి వచ్చిందా, గుడి గోపురం రెండు తాటిచెట్ల నడుమకి జరిగిందా అని చూసుకుని గేలాలు దింపమనేవాడు. వంజరం, పండుగొప్ప లాంటి మంచి ధర పలికే చేపలు ఆ రాళ్ళ దగ్గరే తిరిగేవి. పెద్ద మరబోట్లు అటు వచ్చేవి కావు. వస్తే రాళ్ళకి తగిలి వాళ్ళ వలలు చిరిగిపోయేవి. ఆ గురుతులు మామకి వాళ్ళ నాన్న చెప్పాడు. మామ తన తమ్ముడికి, అంటే మా చిన్నమామకి చెప్పాడు. నాకు పెళ్ళయ్యాక చెబుతాననేవాడు.

తొంభైల చివర్లో కాకినాడ రేవులో ఒక బోట్ల యజమాని నన్ను పిలిపించి, అరచేతిలో పట్టే పెట్టె ఒకటి చూపించాడు. జీపీఎస్ అన్నాడు. ఎక్కడ బటన్ నొక్కితే ఆ చోటు దాంట్లో ఉండిపోతుందట. మంచు కప్పి ఒడ్డు కనిపించకపోయినా మళ్ళీ సరిగ్గా అక్కడికే తీసుకొస్తుందట. మీ మామ వెళ్ళే చోట్లన్నీ నొక్కుకుని రా, కొత్త బోటుకి నిన్నే సరంగుని చేస్తానన్నాడు. సరంగంటే బోటు నడిపేవాడు. అందులో ఉన్నవాళ్ళంతా అతని మాట వినాల్సిందే.

మామని మోసం చేస్తున్నానని అప్పుడు అనుకున్నానా? లేదు. కాలం మారుతోంది, చదువుకున్నవాడు ఒకడు ముందు యంత్రం పట్టుకుంటే రేపు మా వాళ్ళందరికీ మంచిదేనని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అంత మంచి పనైతే పెట్టెని అన్నం క్యారియర్లో దాచుకుని వెళ్ళడం దేనికి?

మూడో రోజు మామ చూశాడు.

"ఏంట్రా అల్లుడూ అది?"

"రేడియో లాంటిది మామా. తుపాను వత్తుంటే ముందే చెబుద్ది."

మామ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇలాంటిది అప్పుడుంటే మీ బాబు బతికేవోడు కదరా" అన్నాడు. తలగుడ్డ విప్పి, దాన్ని అందులో చుట్టి నాకే ఇచ్చాడు. "జాగర్త. ఉప్పునీళ్ళు తగిలితే పాడైపోద్ది."

ఆ తలగుడ్డలో చెయ్యి పెట్టి బటన్ నొక్కాను. ఆయన నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు.

నెల తిరక్కుండా బోట్లు వచ్చాయి. రాళ్ళు ఎక్కడున్నాయో ఇప్పుడు వాళ్ళకీ తెలుసు. వల చిరగకుండా వాటి చుట్టూ ఈడ్చుకుపోయారు. పిల్ల చేపతో సహా ఊడ్చేశారు. మామ ఉత్త చేతులతో ఇంటికి రావడం అప్పుడే మొదలైంది.

నా సరంగు ఉద్యోగం ఒక్క సీజను సాగింది. తర్వాత నాకంటే తక్కువకి వచ్చే మనిషిని పెట్టుకున్నాడు యజమాని. "అన్నీ పెట్టెలోనే ఉన్నాయి కదయ్యా, ఎవడు నడిపితే ఏంటి?" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నమ్మించి గొంతు కోశాడని రేవంతా తిరిగి తిట్టాను. కోశాడు, అబద్ధం కాదు. అయితే వాడు నాకేమీ మామ కాడు, నన్ను చదివించనూ లేదు.

పెట్టె మీద మాత్రం నాకు ఇప్పటికీ కోపం లేదు. దారి తప్పినవాణ్ణి ఇంటికి చేర్చే వస్తువు అది. మామ నావలో ఉండాల్సింది. కానీ రెండు తరాలవాళ్ళు కళ్ళతో నేర్చుకున్నదంతా అది తీసుకెళ్ళి ఒక్క మనిషి చేతిలో పెట్టింది, ఆ మనిషికి ఇంక మేమెవరమూ అక్కర్లేకుండా పోయాం. రేవు బాగుపడిందని అందరూ అన్నారు. ఎవరు బాగుపడ్డారు? అడగడానికి నాకేం అర్హత ఉందని ఆగిపోతాను.

అసలు తప్పు ఇంకా చెప్పలేదు.

గురుతులు తెలిసినవాళ్ళు ఇద్దరే. కాబట్టి మామ తమ్ముణ్ణి పట్టుకున్నాడు. నువ్వే అమ్మేశావన్నాడు. చిన్నమామ నావ మీద చెయ్యేసి, గంగమ్మ మీద ఒట్టేసి కాదన్నాడు. మామ నమ్మలేదు. నేను ఆ బోటే నడుపుతున్నా నన్ను అనుమానించలేదు. నాకు గురుతులు తెలియవు కదా. చదువుకున్నోడని నాకు పని ఇచ్చారని ఊళ్ళో గొప్పగా చెప్పుకున్నాడు కూడా. ఆ గొడవ జరుగుతుంటే నేను అక్కడే వల బాగుచేస్తూ కూర్చున్నాను. ఒక్క మాట చాలు. ఉద్యోగం పోతుందని ఆగాను. మరి ఉద్యోగం పోయాక ఎందుకు ఆగాను? మామ నన్ను చూసే చూపు మారిపోతుందని. మామ పోయాక?

తమ్ముణ్ణి పాడె ముట్టుకోనివ్వద్దని కొడుకులకి చెప్పి మరీ పోయాడు మామ. చిన్నమామ వీధి చివర నిలబడి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ఆయన మోయాల్సిన వైపు నేను భుజం పెట్టాను.

చిన్నమామ ఇంకా ఉన్నాడు. నావ ఎక్కడం మానేశాడు, ఎవరూ పిలవరు. రేపే వెళ్ళి చెప్పేస్తానని మీకు మాటివ్వను. అలాంటి మాటలు నాకు నేను చాలా ఇచ్చుకున్నాను. క్షమించమనీ అడగను, మీరెవరు క్షమించడానికి? ఎక్కడో ఒకచోట నిజం రాసి ఉండాలి, అంతే. ఆయన ఎవరికీ ఏమీ అమ్మలేదు. ఇచ్చింది నేను.

ఇది రాశాక నాకు కాస్త ఊపిరాడుతోంది. ఈ ఊరట కూడా న్యాయంగా చిన్నమామకి రావాల్సింది.