అమ్మ మొక్కుకున్న మీసాలు

హవల్దారు సుందరరాజు అంటే తిరువూరులో కొందరు తడుముకునేవారు. మీసాల సుందరరాజు అంటే మాత్రం గంపలగూడెం బస్సు కండక్టరు కూడా ఇంటి ముందే ఆపి దింపేవాడు. ఆయన మా నాన్న. పోయి చాలా ఏళ్లయినా ఈ ముచ్చట చెప్పుకోందే నాకు తోచదు. అరవై అయిదు యుద్ధంలో కాల్పుల మధ్యలోకి పోయి, గాయపడిన ఇద్దరిని భుజాన వేసుకొచ్చినందుకు ఆయనకు సేనా పతకం ఇచ్చారు. ఎవరైనా అడిగితే, "అందరూ పరిగెత్తారు, నేనూ పరిగెత్తాను. కంగారులో ఎటో చూసుకోలేదంతే" అనేవాడు.

పతకం పెట్టె అడుగున పడి ఉండేది. మీసాలకు మాత్రం రోజూ సేవ జరిగేది. సెలవు మీద వచ్చినప్పుడు పొద్దున్నే వాటికి ఆముదం రాసి, చిన్న దువ్వెనతో పైకి తిప్పి, రెండు కొసలూ సమానంగా ఉన్నాయో లేదో నన్ను పిలిచి చూపించేవాడు. నేను తలూపితేనే కాఫీ తాగేది. మిగతా విషయాల్లో ఆయనకు అంత బింకం లేదు. తలుపు దగ్గరికేసి అమ్మతో పాటు అంట్లు తోమేవాడు. నాకు జడ వేసేవాడు. ఆ జడ ఎంత బిగువంటే, ఆ రోజంతా నా కనుబొమలు పైకే ఉండేవి.

గొడవంతా అమ్మ మొక్కుతో వచ్చింది. ఆ యుద్ధమప్పుడు మా అమ్మ జ్ఞానమణి బెజవాడ దగ్గర గుణదల కొండెక్కి, భర్త ప్రాణాలతో తిరిగొస్తే ఆయన తలనీలాలు, మీసాలతో సహా, మరియ మాతకు ఇప్పిస్తానని మొక్కుకుంది.

"నా మీసాలు నన్నడక్కుండా నువ్వెలా మొక్కుతావే?" అన్నాడు నాన్న.

"అడగడానికి మీరు ఊళ్లో ఉంటేగా! ఉంటే ఇక మొక్కే పనేముంది?" అంది అమ్మ.

 అయినా నాన్న లొంగలేదు. ఒక ఏడు చెల్లెలి పెళ్లి అన్నాడు. ఇంకో ఏడు ఊరివాళ్లు సన్మానం పెట్టారన్నాడు. చివరికి, "గుర్తింపు కార్డు ఫొటోలో మీసాలున్నాయి. తీసేస్తే గేటు దగ్గర నన్నే పట్టుకుంటారు" అన్నాడు. తగువు చర్చి దాకా పోతే ఫాదర్ గారు తన గడ్డం నిమురుకుని, మొగుడూ పెళ్లాల మధ్యకు నన్ను లాగకండని తప్పుకున్నారు.

"మీ అమ్మకి నా మీసాలంటే గిట్టదమ్మా ప్రేమా! అందుకే మాతను అడ్డం పెట్టుకుంది" అని నాన్న నా చెవిలో చెప్పేవాడు. నేనూ నమ్మాను.

డెబ్బై ఒకటి డిసెంబరులో మళ్లీ యుద్ధం వచ్చింది. మొక్కు తీరకుండానే నాన్న దాంట్లో ఉన్నాడు. ఈసారి అమ్మ కొండెక్కలేదు. "పాతదే తీర్చలేదు, ఏ మొహం పెట్టుకుని కొత్తది అడగను?" అని కూలబడింది. యుద్ధం ఆగిపోయిందని రేడియోలో విని పక్కింటి నాగేంద్రమ్మత్త పరిగెత్తుకొచ్చి చెప్పింది. నాన్న కబురు మాత్రం లేదు. ఆ క్రిస్మస్‌కు మా ఇంటి మీద నక్షత్రం వెలగలేదు. అమ్మ కంచం ముందు కూర్చుని తినకుండానే లేచేది. నాకైతే ఆ మీసాల మీద పట్టరాని కోపం వచ్చింది. చేతికి దొరికితే నేనే కత్తెర వేసేదాన్ని.

జనవరిలో ఒక మధ్యాహ్నం అమ్మ వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. ఎవరో వచ్చి నిలబడ్డారు. నున్నటి గుండు, మూతి మీద నూగైనా లేదు. భుజాన రేకుపెట్టె. దాని మీద తెల్ల రంగుతో నాన్న పేరు.

పెట్టె నాన్నది. మోసుకొచ్చిన మనిషి నాన్న కాదు. అమ్మ చేతిలో చేట జారిపోయింది.

"వద్దండీ. మీరు ఏ కబురు తెచ్చినా నాకు చెప్పకండి" అంది, రెండు చేతులూ అడ్డం పెట్టి.

"చెప్పనులేవే. ముందు పెట్టె దించనీ, భుజం లాగేస్తోంది" అన్నాడా మనిషి.

ఆ గొంతు నాన్నది. అమ్మ లేచి వెళ్లి ఆయన ముఖమంతా తడిమింది. "ఇంటికొస్తే మళ్లీ ఏదో సాకు చెబుతానని నా మీద నాకే అనుమానం. అందుకే తిన్నగా గుణదలలో దిగి, మొక్కు తీర్చేసి వచ్చాను. ఇక నీకు సంతోషమేగా?" అన్నాడు నాన్న.

అమ్మ ఆయన ఛాతీ మీద గుద్దింది. "నన్ను తీసుకెళ్లకుండానా! ఆఖరిసారి ఒక్కసారైనా చూసుకోనివ్వకుండానా!"

"నీకవి గిట్టవుగా?"

"గిట్టనిదాన్ని ఎవరన్నా మాతకిస్తారా? నాకున్నవాటిల్లో నాకు బాగా ఇష్టమైనవి అవేనండీ. ఆ మీసాలు చూసేగా నేను పెళ్లికి ఊఁ అన్నది!"

నాన్న రేకుపెట్టె మీద కూలబడ్డాడు. రెండు యుద్ధాలు చూసిన మనిషి, ఇన్నేళ్లూ ఈమెను ఇంత తప్పుగా అనుకున్నానే అని వీధంతా వినిపించేలా ఏడ్చాడు. నాగేంద్రమ్మత్త గోడ మీంచి తొంగి చూసి, ఎవరు పోయారోనని గుండెలు బాదుకోబోయింది.

అమ్మ కొంగుతో ఆయన గుండు తుడుస్తూ, "ఊరుకోండి, మళ్లీ మొలుస్తాయిగా" అంది.