నల్లరేగడి పోవద్దనింది

శుక్రవారం. లేచేసరికి మా ఊళ్ళో వాన, దారంతా బురద! తమిళనాడు విరుదునగర్‌లో ఇంగ్లీషు క్లాసుకు ఆలస్యంగా చేరాను. ఆలస్యమైతే కారణం ఇంగ్లీషులో చెప్పందే సారు లోపలికి రానివ్వరు. ఎప్పుడూ తమిళంలో అల్లుకొని మార్చబోయి, తడబడి వెనక్కి తిరిగేదాన్ని. ఈ రోజు ఇంట్లో మా అవ్వ బురద నేలను తిడుతూ అనే తెలుగు మాటే నేరుగా ఇంగ్లీషులో వచ్చేసింది: "నల్లరేగడి నా కాళ్ళు పట్టుకొని పోవద్దనింది సార్."

సారు పక్కకు జరిగి దారి ఇచ్చి, "ఇంకోసారి చెప్పమ్మా" అన్నారు. ఇంటి గడప దాటని మా తెలుగు అంత దూరం నడిచిందా అని ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంది.

సాయంత్రం చెబితే అవ్వ ఒకటే నవ్వు. "నేను నేలను తిడితే మీ సారు మెచ్చెనా పాపా? తిట్లు ఇంకా శానా ఉండాయి."

మీ ఇళ్ళలో ఏ తిట్లున్నాయో చెప్పండి. రేపు పొద్దున అవ్వ పాలు పితికేటప్పుడు పక్కనే కూర్చుంటాను. ఆవు తన్నితే ఇంకో మంచి వాక్యం దొరుకుతుంది.