కడుపుకి మాత్ర

మా తోడికోడలు బస్సు కండక్టరు. నోరు గట్టిది. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ణి చొక్కా పట్టి లోపలికి లాగేస్తుంది, వాడు ఎంతటి మొనగాడైనా సరే. అలాంటి మనిషిని మూడో నెల పట్టి కుదిపేసింది. డీజిలు వాసన తగిలితే కక్కు. మంచినీళ్లు తాగినా కక్కే. యూనిఫాం వదులైపోయి, రెండు పిన్నీసులు పెడితే గానీ నిలబడేది కాదు.

"వేవిళ్లే కదా" అనేది మా అత్త. ఆ "కదా" వింటే నాకు ఒళ్లు మండేది. ఇద్దర్ని కన్నదాన్ని నేను, ఆ మాట ఎన్నిసార్లు పడ్డానో!

మా తోడికోడలు, ఆ చిన్నది, ఒక్కతే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చింది. మర్నాడు పొద్దున డ్యూటీకి తయారవుతూ మా మరిదికి ఫోన్లో చెప్పింది: "కడుపుకి మాత్ర రాసిందండీ. ఇవాళ్టి నుంచి వేసుకుంటా." కడుపులో తిప్పుతోంది కాబట్టి అలా అంది. వంటగదిలో ఉన్న అత్త చెవికి మాత్రం ఇంకో కడుపు వినబడింది. ఎవర్నీ అడగలేదు. చిన్నది జడ వేసుకుంటుండగా దాని బ్యాగులోంచి మాత్రల కవరు తీసి, చీటీతో సహా కాలవలో పారేసింది.

కవరు బస్సులోనే ఎక్కడో జారిపోయిందనుకుంది పిచ్చిది. ప్రయాణాల్లో వాంతులకని నా దగ్గర మాత్రలుంటే తెచ్చిచ్చాను. "వద్దక్కా. డాక్టరమ్మని అడక్కుండా ఏదీ వేసుకోను. సెలవు దొరగ్గానే వెళ్లి మళ్లీ రాయించుకుంటా" అంది. సెలవు దొరకలేదు. మూడోరోజు టికెట్లు కొడుతూ కొడుతూ బస్సులోనే పడిపోయింది. గొంతులో చుక్క నిలవక, పొద్దుట్నుంచి ఒంటేలు కూడా రాలేదట.

ఆస్పత్రిలో సెలైన్ పెట్టారు. మాత్రలు ఎందుకు వేసుకోలేదని డాక్టరమ్మ కేకలేస్తుంటే అత్త ముందుకొచ్చింది.

"నేనే పారేశాను. కడుపు తీయించుకోడానికి మాత్రలు తెచ్చుకుంటే చూస్తూ ఊరుకుంటానా?"

డాక్టరమ్మ తల పట్టుకుంది. "అవి వాంతులకమ్మా! గర్భిణులకని చూసి ఇచ్చిన మాత్రలు. చెప్పిన మోతాదులో వేసుకుంటే బిడ్డకి భయం లేదు. కాస్త మగతగా ఉంటుంది, అంతే. నీళ్లు కూడా నిలవకుండా ఇలా ఎండిపోతేనే ఇద్దరికీ ముప్పు."

"ఏదైనా మందు మందే" అత్త తగ్గలేదు. "మేమంతా కక్కుకుంటూనే కనలేదా?"

సెలైన్ గుచ్చిన చేత్తోనే లేచి కూర్చుంది మా కండక్టరు. "మీరు కన్నారు అత్తయ్యా. నేను అలా కనను. ఇది నా ఒళ్లు, నా బిడ్డ. ఇంకోసారి నా మాత్రల జోలికొస్తే అత్తగారని కూడా చూడను!" పక్క మంచాలవాళ్లు ఇటు తిరిగారు. నాకైతే ఈల వెయ్యాలనిపించింది.

నర్సు మాత్ర తెచ్చింది. అందరి ముందూ వేసుకుంది మా చిన్నది.

అత్త నర్సు చేతిలోని మాత్రల రేకు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత డాక్టరమ్మని మెల్లిగా అడిగింది. "ఇలాంటివి మా రోజుల్లో ఉండేవా?"

"ఉండేవమ్మా."

అత్త స్టూలు మీద కూలబడింది.

"నలుగుర్ని కన్నాను" అంది. "నాకు ఒక్కరూ చెప్పలేదే!"