బాపు తెచ్చిన గంజి

మొన్న సిరిసిల్లలో మా బిడ్డ, బాల్కనీలో పెయింటు డబ్బాలో పెంచుకుంటున్న చిక్కుడు తీగకు అన్నం వార్చిన గంజి పోయబోతుంటే, నేను ఆపి, వేలు ముంచి నాలుకకు రాసుకుని చూశాను. అది నవ్వింది. నవ్వదా మరి, మా నాన్న, మా బాపు సంగతి దానికేం తెలుసు.

మేం నేతవాళ్ళం. చేతిమగ్గాలున్న రోజుల్లో మా అవ్వ, అంటే అమ్మ, వాకిట్లో జానెడు జాగాలో చిక్కుడు పెట్టేది. పడుగు దారాలకు పట్టించగా మిగిలిన గంజి మొదలుకు పోస్తే తీగ పెంకులెక్కి, మాకే కాక ఇరుగుపొరుగుకూ కూరయ్యేది. ఊదారంగు అంచుతో కమ్మగా ఉండే ఆ కాయల విత్తనం బోయినపల్లిలోని అవ్వ పుట్టింటిది.

మగ్గం కూడు పెట్టడం మానేశాక, నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, అందరిలాగే మేమూ మరమగ్గాల ఊరు భివండి పోయి, బాపు ఆ సాంచాల మీద పనికి కుదిరితే ఒక్క గదిలో సర్దుకున్నాం. బూడిద కలిపి గుడ్డలో మూటగట్టి తెచ్చిన విత్తులన్నీ అవ్వ గడప పక్కన నూనె డబ్బాలో పెడితే మొలిచింది ఒక్కటే. ఎండ తగలక, ఆకుల మీద దూది నుసి పేరుకుని, చివరికి నాలుగు కాయలు కాసింది. అవ్వ ఒక్కటీ తెంపనివ్వలేదు. ఊరికి మళ్ళేటప్పుడు ఆ విత్తనం పట్టుకుపోవాలని, కాయలు తీగ మీదే ఎండాలని ఆమె ఆశ.

తీగ నీరసంగా ఉందని బాపుకు బెంగ. ఇంట్లో వార్చిన గంజి మేమే తాగేవాళ్ళం కనుక దానికి మిగిలేది కాదు. అందుకని పడుగుకు గంజి పెట్టే కార్ఖానాలో బతిమాలి ఒక డబ్బాడు తెచ్చి, సంబరంగా తీగ మొదలుకు పోశాడు. అక్కడ దారానికి బూజు పట్టకుండా గంజిలో మందు కలుపుతారని ఆయనకెవరు చెప్పారు? వారం తిరక్కుండానే తీగ మాడిపోయింది. అవ్వ కాయలు ఒలిచి చూస్తే పొట్టు తప్ప గింజ లేదు.

“మన గంజే అనుకున్ననే,” అన్నాడు బాపు, ఆ డబ్బా ముందు కూలబడి.

“తియ్యి, నీకేమెరుక. ఊరికి పోయినంక మల్ల తెచ్చుకుందాం,” అని అవ్వ ఆ పొట్టు ఎత్తి డబ్బాలోనే పోసింది.

మేం తిరిగొచ్చేసరికి చాలా ఏళ్ళయింది. బోయినపల్లిలో అమ్మమ్మ పోయింది, పెరడు పోయింది, ఆ విత్తనం ఎవరి దగ్గరా దొరకలేదు. బతికినన్నాళ్ళూ బాపు పళ్ళెంలో చిక్కుడుకాయ పడితే పక్కకు నెట్టేవాడు.

ఇప్పుడు మట్టి సంచీల్లో, విత్తనం పొట్లాల్లో గుమ్మంలోకే వస్తున్నాయి. కాయలూ బాగానే కాస్తున్నాయి గానీ ఆ కమ్మదనం లేదు. కుక్కర్లొచ్చాక గంజి వార్చే ఇళ్ళే తక్కువ. మా బిడ్డ చేతిలోని గంజి చప్పగా, మంచిగానే ఉంది. పోయమన్నాను. ఇది మన గంజే బాపూ అని చెప్పుకోవడానికి ఆయన లేడు.