కడిగిన కోకో గింజలు

కోకో చెట్టును కళ్లారా చూడకముందే నేను కోకో నిపుణుణ్ణి అయిపోయాను. బాపట్లలో మూడు రోజులు ఏసీ గదిలో కూర్చోబెట్టి బొమ్మలు చూపించి, నాలుగో రోజు మెడలో ఒక కార్డు వేశారు. ఆ కార్డు వేసుకుని తెనాలిలో రేపల్లె బస్సెక్కి పెనుమూడి వెళ్లడం, కొబ్బరితోటల్లో కోకో వేసిన చిన్న రైతులకు పంట, ఆదాయం పెంచుకునే దారి చెప్పడం నా ఉద్యోగం. పుట్టినప్పటి నుంచీ పొలంలో ఉన్నవాళ్లకు సేద్యం నేర్పబోతున్నానని సిగ్గు కూడా పడలేదు.

మొదటి క్లాసులో 'ఫెర్మెంటేషన్' అని పదిసార్లైనా అని ఉంటాను. రైతులు మర్యాదస్తులు కాబట్టి తలలూపారు. అర్థమయ్యే ఊపారనుకున్నాను. వెనక వరసలో ఒకావిడ లేచి, గింజల చుట్టూ తెల్లటి గుజ్జు ఉంటుంది కదా, దాన్ని కడిగెయ్యాలా అని అడిగింది. బాపట్లలో ఆ బొమ్మ చూపించేటప్పుడు నేను టీకి బయటికెళ్లాను. తెలియదని చెబుదామంటే మెడలో కార్డు అడ్డొచ్చింది. క్వాలిటీ అంటేనే శుభ్రత అని, బాగా కడగమని గంభీరంగా చెప్పాను.

ఆ కోకో చెట్లు భర్త వద్దంటున్నా ఆవిడ పట్టుబట్టి నాటించినవి. కొబ్బరికి పెట్టిన నీళ్లన్నీ ఇవే తాగేస్తున్నాయని ఆయన గోల. మొదటి పంట అమ్ముడుపోకపోతే కొట్టించేస్తానని అందరి ముందూ అన్నాడు. ఆవిడ ఆ గింజల్ని మినప్పప్పు గాలించినట్టు గాలించి, నాలుగు నీళ్లు మార్చి, గుజ్జు ఆనవాలు లేకుండా ఎండబెట్టింది.

కొనడానికి వచ్చినాయన నా ముందే ఒక గింజను చాకుతో కోసి, వాసన చూసి, సంచి మూతి కట్టేశాడు. గింజల్ని గుజ్జుతోనే అరిటాకుల్లో కప్పి ఆరు రోజులు పులియబెడితేనే చాక్లెట్ రుచి వస్తుందని, కడిగినవి తనకొద్దని తేల్చేశాడు.

"ఇడ్లీ పిండి పులియబెట్టినట్టే కదండి," అంది ఆవిడ నా వైపు చూసి.

నా ఫెర్మెంటేషన్ ఆవిడ ఇంట్లో రోజూ చేసే పనే. క్లాసులో నేను ఆ ఒక్క మాట అంటే సరిపోయేది. ఇంతలో భర్త నా వైపు తిరిగి, ఇదంతా మీరు చెప్పలేదా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు ఆవిడే అందుకుంది.

"సార్ చెప్పారండి. నేనే సరిగ్గా వినలేదు."

అప్పుడైనా నిజం చెబితే చెట్లు బతికేవేమో. నేను మాత్రం ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి, పెద్ద మనసుతో మరో క్లాసు పెడతానని మాటిచ్చి బస్సెక్కాను. అంత పిరికివాణ్ణని అప్పటిదాకా నాకే తెలియదు.

మళ్లీ వెళ్లేసరికి కొబ్బరి చెట్ల మధ్య కోకో మోళ్లు మిగిలాయి. ఆవిడ ఎప్పటిలాగే పలకరించి, కాస్త దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"మా మూలంగా మీ ఉద్యోగానికేం ఇబ్బంది రాలేదు కదండి?"

రాలేదన్నాను. ఆవిడతో నేను చెప్పిన నిజం అదొక్కటే.