సవరం తోక టోపీ

నా చిన్నప్పుడు మా తాతయ్య తన మంకీ క్యాప్‌కి మా అమ్మ సవరాన్ని తోకలా కుట్టి, నన్నొక అమెరికా నాయకుణ్ణి చేశారు. అప్పుడు మేం దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలోని ఒక పాత బిల్డింగులో ఉండేవాళ్ళం. అవి తొంభైల నాటి రోజులు. నాన్న ఒక కంపెనీలో ఇంజనీరు. తాతయ్య తెనాలి దగ్గర హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరై, ఆ చలికాలం విజిట్ వీసా మీద మా దగ్గరికి వచ్చారు. ఎడారిలో చలేమిటని ఎగతాళి చేసిన మనిషి, దిగిన మర్నాడే పెట్టె అడుగునుంచి మంకీ క్యాప్ తీశారు.

నాన్న డ్యూటీకీ నేను బడికీ పోతే ఆయనకు పొద్దు గడిచేది కాదు. అందుకని సాయంత్రం కాగానే టెర్రస్ ఎక్కి, నీళ్ళ ట్యాంకు పక్కన కుర్చీ వేసుకుని పిల్లలందరికీ కథలు చెప్పేవారు. బిల్డింగులో సగం మంది తెలుగువాళ్ళు, సగం మంది మలయాళీలు. తాతయ్య చెప్పింది నేను నాకొచ్చిన హిందీలో మలయాళీ పిల్లలకు అప్పజెప్పేదాన్ని. మధ్యలో కొంత నా సొంతం కూడా కలిపేదాన్ని, అది వేరే సంగతి.

ఆ కథల్లో అందరికీ నచ్చినవాడు, ఎప్పుడో అమెరికా అడవుల్లో పుట్టిన ఒక వేటగాడు. పేరు నోరు తిరగక మేం టోపీ దొర అనేవాళ్ళం. తోక వేలాడే తోలు టోపీ పెట్టుకునేవాడట. చెట్టు మీది జంతువును చూసి ఇంత నోరు చేసుకుని నవ్వితే, అది బుద్ధిగా కిందికి దిగి వచ్చేదట. చదువు అంతంత మాత్రమే. అయినా జోకులు చెప్పి జనాన్ని నవ్వించి ఓట్లు వేయించుకుని, ఏకంగా వాళ్ళ పార్లమెంటులో కూర్చున్నాడట. తాతయ్య ఆ నవ్వు చేసి చూపిస్తుంటే మేం కడుపులు పట్టుకునేవాళ్ళం.

ఒకరోజు తాతయ్య అసలు సంగతికి వచ్చారు. ఇండియన్లను వాళ్ళ ఊళ్ళనుంచి వెళ్ళగొట్టాలని అధ్యక్షుడు చట్టం తెస్తే, ఆయనవైపు మనిషే అయిన టోపీ దొర మాత్రం ఎదురు తిరిగి ఇండియన్ల పక్షాన నిలబడ్డాడన్నారు. మేమంతా ఎగిరి గంతులేశాం. అమెరికాలో, అంత పాత కాలంలోనే, మనవాళ్ళ కోసం ఒక దొర నిలబడ్డాడు! తాతయ్య ఏదో చెప్పబోయి, మా సంబరం చూసి మీసంలో నవ్వుకుని ఊరుకున్నారు.

అదే వారం టెర్రస్ లీడరును ఎన్నుకోవాల్సి వచ్చింది. బంతి లీడరు దగ్గరే ఉంటుంది, ఆటలో ఎవరుండాలో లీడరే చెప్పాలి. నా ప్రాణమంతా ఆ పదవి మీదే ఉండేది. తాతయ్య టోపీ కుట్టి ఇచ్చారు. "ఇండియన్ల కోసం నిలబడతా" అంటూ తోక ఊపుకుంటూ ఇంటింటికీ తిరిగాను.

అంతా బాగానే సాగేది, కానీ రెండో అంతస్తులోకి కొత్తగా ఒక సూడాన్ కుటుంబం దిగింది. వాళ్ళమ్మాయిది నా ఈడే. రోజూ మెట్ల తలుపు దగ్గర నిలబడి మా ఆట చూసేది. అందరికంటే పెద్దవాడైన పక్కింటి అన్నయ్య, కరీంనగర్ వాళ్ళబ్బాయి, నన్ను పక్కకు పిలిచాడు.

"ఇండియన్ల కోసం నిలబడ్తా అన్నవ్ గదా. గా పిల్ల ఇండియన్ గాదు. ఆమెను ఆడనియ్యనని చెప్పు, ఓట్లన్నీ నీకే. లేకుంటే మా తమ్ముడే లీడర్."

నాకూ అందులో న్యాయం ఉన్నట్టే అనిపించింది. టోపీ దొర కూడా ఇదే చేసేవాడు కదా అని తాతయ్యను అడిగాను. ఆయన నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నిదానంగా చెప్పారు.

"ఆ ఇండియన్లు మనం కాదే పిచ్చిపిల్లా. వాళ్ళు ఆ నేల మీద ముందునుంచీ ఉన్నవాళ్ళు. ఎవరో దారి తప్పి వచ్చి వాళ్ళకు మన పేరు పెట్టిపోయారు. టోపీ దొరకు వాళ్ళు ఏమీ కారు. అయినా నిలబడ్డాడు."

ఏమీ కాకపోయినా ఎందుకు నిలబడ్డాడని అడిగాను. ఆయన నా తల మీద టోపీ సర్ది, తోకను ముందుకు వేసి వెళ్ళిపోయారు. చాలాసేపు ఆ తోకను వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను. లీడరు పదవి చేజారిపోతుందని ఏడుపొచ్చింది. తలుపు దగ్గర ఆ పిల్ల నిలబడే తీరు కూడా కళ్ళముందునుంచి పోలేదు.

శుక్రవారం ఎన్నిక. నేను లేచి, ఆ అమ్మాయి ఆడుతుంది అన్నాను. అంతే, చేతులన్నీ అన్నయ్య తమ్ముడికే లేచాయి. నాకు నా చెయ్యి ఒక్కటే మిగిలింది. విషయం అర్థమైందో లేదో, తలుపు దగ్గరి పిల్ల కూడా చెయ్యెత్తింది. చెల్లదన్నారు. కుర్చీలోంచి తాతయ్య చెయ్యెత్తారు. అన్నయ్య వినయంగానే, "తాతా, మీరు విజిట్ వీసా మీదున్నరు గదా, మీకు ఓటుండది" అన్నాడు. తాతయ్యకు నవ్వాగలేదు. ఆయన నవ్వితే అందరం నవ్వాం, ఓడిపోయిన నేనూ నవ్వాను.

తర్వాత ఆయన నా చెవిలో చెప్పారు, "ఆ చట్టం తర్వాత జరిగిన ఎన్నికల్లో టోపీ దొర కూడా ఓడిపోయాడే."

సంతోషం పట్టలేకపోయాను. అచ్చం దొరలాగే ఓడిపోయానన్నమాట! టోపీ తీసి ఆ పిల్ల నెత్తిన పెట్టాను. అది తోకను రెండు చేతులా పట్టుకుని, "యల్లా!" అని, పదండి పదండి అన్నట్టు కేక పెట్టి టెర్రస్ అంతా పరుగెత్తింది. వెనకాలే నేను. చూసి చూసి బంతి పక్కన పడేసి మిగతావాళ్ళూ తోక కోసం వెంటపడ్డారు. కొత్త లీడరు కూడా. సవరం వెతుక్కుంటూ పైకి వచ్చిన అమ్మ మమ్మల్ని చూసి తిట్టడం మరిచి తలుపుకు ఆనుకుని నవ్వింది.

ఇన్నేళ్ళయింది. ఎక్కడైనా ఎవరైనా "మనవాళ్ళేనా?" అని అడిగితే, నా మెడ మీద ఇప్పటికీ ఆ తోక తగిలినట్టుంటుంది. జవాబు చెప్పేముందు, తలుపు దగ్గర ఎవరు నిలబడ్డారో ఒకసారి చూస్తాను.