ఉసిరి చెట్టు కోసం ఆరావళి ఎక్కిన శనివారం

మా అమ్మ తెనాలి నుంచి ఢిల్లీ వచ్చి మూడు నెలలైంది. ఆర్.కె. పురంలో మా క్వార్టరు రెండో అంతస్తులో. ఆ మెట్లు దిగడానికి ఒక ప్రయాణం, ఎక్కడానికి ఒక ప్రయాణం. కార్తీకం రాగానే ఆవిడకు వనభోజనాల మీద బెంగ పట్టుకుంది. ఇక్కడి తెలుగువాళ్ళంతా కలిసి పార్కులో చేసుకునే వనభోజనాలకు తీసుకెళ్తే, "మైకులో ఉపన్యాసాలు, ప్లాస్టిక్ పళ్ళేలూనూ. ఉసిరి చెట్టేదే?" అని పెదవి విరిచింది. సోహ్నా దాటాక కొండల్లో ఒక పార్కు ఉందనీ, నడక దారులు, చెరువులో పడవలు, పిల్లలకు తాళ్ళ వంతెన, పైగా ఉసిరి చెట్లు కూడా ఉన్నాయనీ మావారి ఆఫీసులో ఎవరో చెప్పారు. రెండో శనివారం మా లహరికీ బడి లేదు. అలా బయల్దేరాం. ఇది 2006 నాటి మాట.

నా దిగులల్లా ఒక్కటే. అమ్మకు షుగరు. పొద్దున ఇన్సులిన్ ఇంజక్షన్ చేశాక అరగంటలో ఏదో ఒకటి తినాలి. తినకపోతే షుగరు పడిపోయి మనిషి ఉన్నచోటే కూలిపోవచ్చని డాక్టరు నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పాడు. అప్పటినుంచి ఆవిడ తిండికి టైంటేబుల్ రాసి ఫ్రిజ్ మీద అంటించాను. మావారు దాన్ని డ్యూటీ రోస్టర్ అంటారు. అననివ్వండి. జాగ్రత్తపడేవాళ్ళకు ఇంట్లో ఎప్పుడూ మంచి పేరు రాదు.

ఆరూ పదిహేనుకు ఇంజక్షన్ చేసి, నాలుగు ఇడ్లీలున్న డబ్బా అమ్మ చేతిలో పెట్టి, కారెక్కగానే తినమన్నాను. ఆరున్నరకు ట్యాక్సీ వచ్చింది, రోజంతటికీ పద్నాలుగు వందలు. వెనక కూర్చుంటే నాకు వాంతులు, అందుకని ముందు సీటు నాది. వెనక అమ్మ, లహరి, మావారు. ధౌలా కువా దాటకముందే "తిన్నావా?" అన్నాను. "ఆ, తిన్నాలేవే" అంది. తిరిగి చూస్తే లహరీ మావారూ నిద్రలో ఉన్నారు. సాక్షులు లేరు.

అప్పట్లో గుడ్‌గావ్ దారంతా ఫ్లైఓవర్లు కడుతున్నారు. దుమ్ము, లారీలు. ఎడమకు తిరిగి సోహ్నా రోడ్డెక్కేసరికి ఏడున్నర దాటింది. డ్రైవర్ సత్‌పాల్ ఒక ఢాబా దగ్గర ఆపి "పరాఠా బఢియా హై, మేడమ్" అంటూ ఇక్కడ పరాఠాలు బాగుంటాయన్నాడు. అమ్మ కారు దిగలేదు. "నేను తిన్నాగా, మీరు కానివ్వండి" అంది. డబ్బా తెరిచి చూద్దామా అనిపించింది. కన్నతల్లిని సోదా చేయడమేమిటని ఊరుకున్నాను. పరాఠా పదిహేను రూపాయలు. బాగుందో లేదో నాకు గుర్తులేదు.

పావు తక్కువ తొమ్మిదికి పార్కు చేరాం. టికెట్ మనిషికి ఇరవై. గేటు దగ్గర గార్డును ఉసిరి చెట్టు గురించి అడిగితే, "ఆంవ్‌లా? ఊపర్ హై, టవర్ కే పాస్. బస్, ఆధా ఘంటా" అన్నాడు, పైన టవర్ దగ్గరుంది, అరగంటేనని. ఆ అరగంట గార్డు కాళ్ళతో కొలిచిన అరగంట, మనకు గంటకు పైమాటే. "ముందు చెట్టు చూసొద్దాం, సామాను తర్వాత మోసుకోవచ్చు" అన్నారు మావారు. పులిహోర, దద్దోజనం, అమ్మ ఇడ్లీ డబ్బా అన్నీ కారులోనే వదిలేశాం. మా దగ్గర ఉన్నదల్లా మంచినీళ్ళ సీసా, ఉసిరి చెట్టు కింద పెట్టడానికి అమ్మ తెచ్చుకున్న దీపం సంచీ.

మొదట్లో అమ్మ మాకంటే ముందు నడిచింది. రాళ్ళ మెట్లు, రెండు పక్కలా ముళ్ళ తుమ్మలు, కింద పచ్చగా చెరువు. తాళ్ళ వంతెన మీద లహరి "నానీ, దేఖో!" అని అమ్మమ్మను పిలుస్తూ ఊగుతుంటే అమ్మ నవ్వింది కూడా. పదింటికి ఆ నవ్వు ఆగిపోయింది. చలిగాలిలో మెడ మీద చెమటలు. చెయ్యి పట్టుకుంటే వణుకుతోంది. "ఏమ్మా?" అంటే నన్ను మా పిన్ని పేరుతో పిలిచి, "పాలు పొంగుతున్నాయి చూడు" అంది.

రాయి మీద కూర్చోబెట్టి, "ఇడ్లీ తిన్నావా, నిజం చెప్పు!" అని అరిచాను. "దీపం పెట్టాక తిందామని..." అంది, మాట ముద్దగా. మావారు కారు దగ్గరికి పరుగెత్తారు. దిగి రావడానికి ఎంత లేదన్నా నలభై నిమిషాలు. అమ్మకు షుగరని మేం వండుకున్నదాంట్లో తీపి అన్నదే లేదు. అంత జాగ్రత్తపరురాలిని నేను.

అంతలో పైనుంచి కట్టెల మోపుతో ఒకావిడ దిగుతోంది. పదకొండేళ్ళుగా ఢిల్లీలో ఉన్నదాన్ని, నోట్లోంచి ఒక్క హిందీ ముక్క రాలేదు. "అమ్మా, అమ్మా" అంటున్నానంతే. లహరే ఎదురెళ్ళి, "ఆంటీ, నానీ కో శుగర్ హై, కుఛ్ ఖాయా నహీ" అంటూ అమ్మమ్మకు షుగరనీ, ఏమీ తినలేదనీ చెప్పింది. ఆవిడ మోపు దింపి, ఓఢ్నీ కొంగు ముడి విప్పి, రొట్టెలోకి తెచ్చుకున్న బెల్లం గడ్డ తీసింది. వాళ్ళత్తగారికీ ఇదే జబ్బట. బెల్లం నలిపి సీసా మూతలో నీళ్ళతో కలిపి, "ధీరే ధీరే, అమ్మా" అంటూ కొంచెం కొంచెంగా తాగించింది. నేను అమ్మ వీపు పట్టుకుని నిమిషాలు లెక్కపెట్టాను. పన్నెండో నిమిషానికి అమ్మ నన్ను నా పేరుతో పిలిచింది. ఏడ్చేశాను.

మావారు రొప్పుతూ సామానుతో వచ్చేసరికి కట్టెలావిడ వెళ్ళిపోయింది. ఇస్తానన్న డబ్బులు తీసుకోలేదు. ఉసిరి చెట్టు పై మలుపులో కనిపిస్తూనే ఉంది, నూరడుగులుండదు. "ముందు తిను" అన్నాను. అమ్మ ఆ తుమ్మచెట్టు కిందే, దీపం పెట్టకుండానే పులిహోర తిన్నది. అప్పుడు తిట్టాను, తనివితీరా. "ఉపవాసమని ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయింది?"

అమ్మ చెయ్యి కడుక్కుని నెమ్మదిగా అంది. "చెప్తే నువ్వు ఒప్పుకోవుగా. మీ ఇంటికొచ్చాక అన్నీ నిన్నడిగే చేస్తున్నానే. ఈ ఒక్కటీ అడక్కుండా చేద్దామనుకున్నా."

కాసేపాగి, చెయ్యి పట్టుకుని ఆ నూరడుగులూ నడిపించి, ఉసిరి చెట్టు కింద దీపం పెట్టించాను. పడవ ఎక్కకుండానే రెండింటికి దిగి, సాయంత్రానికి ఇల్లు చేరాం. పార్కు మాత్రం మంచిదే, తప్పకుండా వెళ్ళండి. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ భయమే. ఇన్సులిన్ గురించి అంతా తెలుసుకున్నాను, అమ్మ నాకు భయపడుతోందని మాత్రం తెలుసుకోలేదు. చేసిన తప్పు ఆవిడదే, కానీ ఆ తప్పు దాచుకోవాల్సినంత దూరం పెట్టింది నేను.

ఒక్క సలహా. షుగరున్న పెద్దవాళ్ళతో బయల్దేరేముందు, ముందురోజే పక్కన కూర్చుని "రేపు ఉపవాసం ఉండాలనుందా?" అని అడగండి. ఉందంటే కోప్పడకండి. మందుల సంగతి డాక్టరును అడగండి, లేదంటే ప్రయాణం మానుకోండి. "తిన్నావా?" అని అడిగితే మాత్రం వాళ్ళు తిన్నాననే చెప్తారు.